అమ్మ మాటలు దాచిన పెట్టె

పిల్లలూ! మాది కోనసీమలోని ఐనవిల్లి. అమలాపురానికి పది పన్నెండు కిలోమీటర్ల దూరం. ఒక పక్క గౌతమి గోదావరి, తక్కిన పక్కల కొబ్బరితోటలూ, వరిచేలూ. మా ఊళ్లో సిద్ధివినాయకుడి గుడి ఉన్నది. ఏటా పరీక్షలకు ముందు ఆ గుళ్లో వేలకు వేలు కలాలు పెట్టి పూజచేసి, బడిపిల్లలకు పంచిపెడతారు. ఆ రోజున మా బడి పిల్లల జేబుల్లో కొత్త కలాలు మెరుస్తూ ఉంటాయి.

కలం పోతే మరొకటి కొనుక్కోవచ్చు. కాని ఆ కలంతో రాసినది పోతే ఏం చేస్తాం? ఈ ప్రశ్న నేను క్లాసులో ఎన్నోసార్లు అడిగాను. జవాబు మాత్రం నాకే తెలియదని ఒక వానాకాలంలో తేలిపోయింది. ఆ కథే మీకు చెబుతాను.

మా అమ్మ రెండేళ్ల కిందట పోయింది. ఆవిడ పోవడానికి కొద్ది నెలల ముందు, ఏడు సాయంత్రాలు వరసగా ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ చెప్పిన సంగతులన్నీ ల్యాప్‌టాప్‌లో రికార్డు చేశాను. చిన్నప్పుడు 1953లో గోదావరి వరద చూసిన సంగతి, పెళ్లయి పడవలో అత్తవారింటికి వచ్చిన సంగతి, 1986 వరదలో పశువులను గట్టెక్కించిన సంగతి, తనకు వచ్చిన పాటలు—ఇట్లా ఏడు సాయంత్రాలకు ఏడు రికార్డులు.

అయిదో సాయంత్రం చెప్పినది 1996 తుఫాను సంగతి. ఆ నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరిచెట్లు నేలకు ఒరిగాయి. ఆ రాత్రి నేను ఊళ్లో లేను; కాకినాడలో చదువుకుంటున్నాను. మా అక్క అప్పటికే అత్తవారింట్లో ఉన్నది. మా వీధిలో డాబా ఇల్లు మాది ఒక్కటే కావడంచేత, చుట్టుపక్కల పాకల్లో ఉండేవాళ్లు ఇరవై ముగ్గురు మా ఇంట్లో తలదాచుకున్నారు. ఎవరు ముందు వచ్చారో, ఎవరు ఎవరిని ఎత్తుకుని వచ్చారో, అమ్మ పేరుపేరునా చెప్పింది. మా నాన్న అంతకుముందే పోయాడు. అందుచేత ఆ పేర్లన్నీ వరసగా చెప్పగలిగినది అమ్మ ఒక్కతే.

ఆ ఏడు రికార్డులకూ మరో నకలు లేదు. "రేపు తీద్దాంలే" అనుకుంటూ రెండేళ్లు గడిపాను. మీరు ఇంటిపని రేపు చేస్తామంటే కోప్పడే మాస్టారిని నేను!

ఒకనాటి సాయంత్రం జోరున వాన. ఏడో తరగతి చదివే మా అమ్మాయి గబగబా నడుస్తూ తీగె కాలికి తగులుకుని తూలింది. దానితోపాటు బల్ల మీది ల్యాప్‌టాప్ కిందపడింది. తెరిచి చూస్తే మామూలుగానే పనిచేసింది. "హమ్మయ్య!" అనుకున్నాం. రెండు రోజుల తరవాత అది నత్తలాగా నడవసాగింది. మధ్య మధ్య లోపలినుంచి "టక్... టక్..." మని చప్పుడు. మూడోనాడు తెర నల్లబడి ఊరుకున్నది.

అప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని విన్నారా? ఆపి మళ్లీ పెట్టాను. పదిసార్లు ఆపాను, పదిసార్లు పెట్టాను. పక్కింటి పెద్దాయన, "బియ్యం డబ్బాలో పెట్టి చూడండి, మాస్టారూ," అన్నాడు. ఇంకొకాయన, "ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందట," అన్నాడు. నిజంగానే పెట్టేవాణ్ణేమో! ఇంతలో హైదరాబాదునుంచి మా మేనల్లుడు ఫోనులో, "మావయ్యా, ముందు దాన్ని ఆపెయ్యి. మళ్లీ ముట్టుకోకు. బియ్యమూ వద్దు, ఫ్రిజ్జూ వద్దు. ఫ్రిజ్‌లో పెడితే లోపల చెమ్మ పట్టి ఇంకా పాడవుతుంది," అని గట్టిగా చెప్పాడు.

మర్నాడు ల్యాప్‌టాప్‌ను తువ్వాలులో చుట్టి, అమలాపురంలో ఇట్లాంటివి బాగుచేసే అబ్బాయి దగ్గరకు తీసుకుపోయాను. మా అమ్మాయి కూడా వచ్చింది. దారి పొడుగునా అది ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ అబ్బాయి అంతా విని, "ఆయ్, చూద్దామండి. పోయింది ల్యాప్‌టాపో, అందులో డిస్కో ముందు తేల్చుకోవాలండి," అన్నాడు.

ఆ రెండింటికీ తేడా ఏమిటో మీకు చెప్పాలి. ల్యాప్‌టాప్ ఇల్లయితే, డిస్కు ఆ ఇంట్లో ఉండే ఇనప్పెట్టె లాంటిది. మనం దాచుకున్నవన్నీ ఆ పెట్టెలోనే ఉంటాయి. తలుపు బిగుసుకుపోయినంత మాత్రాన ఇంట్లో సొమ్ము పోయినట్టు కాదు గదా! తెర పోయినా, బ్యాటరీ పోయినా, మీటలు పనిచేయకపోయినా, చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కును ఊడదీసి, చిన్న డబ్బాలో అమర్చి, తీగెతో మరో కంప్యూటరుకు తగిలించవచ్చు. డిస్కు బాగుంటే అందులోవన్నీ అక్కడ కనిపిస్తాయి. చాలామంది "అంతా పోయింది" అని ఏడ్చే సందర్భాలలో నిజానికి పోయేది ఇల్లే. పెట్టె భద్రంగానే ఉంటుంది.

మా సంగతి అట్లా కాలేదు. పెట్టెకే దెబ్బ తగిలింది.

హార్డ్ డిస్కు లోపల అద్దంలాగా మెరిసే గుండ్రని బిళ్ళలు ఉంటాయి. వాటి మీద అయస్కాంతపు పూత ఉంటుంది. ఆ పూతలో కంటికి కనిపించని చిన్న చిన్న చోట్లు కోట్లకొద్దీ ఉంటాయి. ఒక్కొక్క చోటులో అయస్కాంతం ఒక దిక్కుకో, దాని ఎదురు దిక్కుకో తిరిగి ఉంటుంది. ఆ తేడాలనుంచే సున్నలూ ఒకట్లూ వస్తాయి. ఆ సున్నలూ ఒకట్లే మీ ఫొటోలు, మీ పాటలు, మా అమ్మ గొంతు.

బిళ్ళ నిమిషానికి 5400 సార్లు, అంటే సెకనుకు 90 సార్లు తిరుగుతుంది. దాని మీద చదివే ముల్లు ఒకటి ఉన్నది. నిజానికి అది బిళ్ళను తాకదు. గాలి ఆధారంగా తేలుతూ ఉంటుంది. ఆ ఎడం ఎంతనుకున్నారు? కొద్ది నానోమీటర్లు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. మీ తలవెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు! ఆ ముల్లుకు ధూళికణం ఒక కొండ. ఇక కిందపడితే ఏమవుతుందో ఊహించుకోండి. ముల్లు బిళ్ళను గీరవచ్చు. గీరినచోట పూత రాలుతుంది. దానితో అక్కడ రాసినది శాశ్వతంగా పోతుంది. నేను పెట్టిన పదిసార్లూ ఆ గాయం ఇంకా పెరిగి ఉండవచ్చు. అందుచేత చప్పుడు వినిపించగానే ఆపెయ్యాలి.

ఆ అబ్బాయి డిస్కును చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఎడతెగకుండా టక్కుటక్కుమంటే నేను ముట్టుకోనండి. దుమ్ము చొరని గదిలో దాన్ని విప్పే పెద్ద చోట్లు ఉన్నాయి, అక్కడికి పంపాలి. ఇక్కడ మూత తీస్తే దుమ్ము పడి చస్తుందండి. ఇది మాత్రం అక్కడక్కడా ఆగుతోంది. ఒక్కసారి ప్రయత్నం చెయ్యొచ్చు. కాని మధ్యలో పూర్తిగా ఆగిపోతే, తరవాత పెద్దచోట కూడా కష్టమే కావచ్చు. మీ ఇష్టమండి," అన్నాడు. పెద్దచోట అయ్యే ఖర్చు ఎంతో కూడా ఉజ్జాయింపుగా చెప్పాడు. నా రెండు నెలల జీతం.

నేను చాలాసేపు ఆలోచించి, "ప్రయత్నించు, బాబూ," అన్నాను.

"అయితే ముందు ఏం కావాలండి? డిస్కు ఎంతసేపు ఉంటుందో తెలియదు," అన్నాడు.

అందులో నా పదిహేనేళ్ల పాఠాలున్నాయి, ప్రశ్నపత్రాలున్నాయి, ఇంటి కాగితాలున్నాయి. నేను నోరు తెరిచేలోపల మా అమ్మాయి, "మామ్మ మాటలు," అన్నది.

పని ఎట్లా జరిగిందో చూడండి. పాడైన డిస్కులో ఫైళ్లు తెరిచి చూడకూడదు. దానికి శ్రమ ఎక్కువవుతుంది. అందులో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టు మరో మంచి డిస్కు మీదికి ఎక్కించి, ఆ తరవాత నకలులో వెతుక్కోవాలి. దానికి ప్రత్యేకమైన ప్రోగ్రాములున్నాయి. తుఫాను తరవాత మన రైతు ఏం చేస్తాడు? ముందు నీళ్లకు పైన నిలిచిన చేను కోసుకుంటాడు. తరవాత వంగిన దాన్ని. చిట్టచివరకు నీళ్లలో నానిన పనలు ఏరుకుంటాడు. ముంపు మడి దగ్గరే కూర్చుంటే మంచి చేను కూడా కుళ్లిపోతుంది గదా! ఆ ప్రోగ్రామూ అంతే. సులువుగా చదవగలిగినదంతా మొదట లాగేస్తుంది. గాయపడిన చోటును దాటి ముందుకు పోతుంది. అన్నీ అయ్యాక వెనక్కి వచ్చి, గాయపడిన చోట్లను కొద్దికొద్దిగా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది.

రెండు పగళ్లు, రెండు రాత్రులు పట్టింది. మూడోనాడు పొద్దున ఫోను వచ్చింది. "రండి మాస్టారూ. చాలావరకు వచ్చిందండి."

ఏడు రికార్డులలో ఆరు చెక్కుచెదరలేదు. కొట్టులో ఆ ఇరుకు బల్ల ముందు కూర్చుని అమ్మ గొంతు విన్నాను. "ఏరా, ఇది తిరుగుతోందా?" అని అడిగింది, రికార్డు మొదట్లో. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

పాడైన ఒక్కటీ అయిదోది, తుఫాను సంగతి. మొదట కొంత బాగానే ఉన్నది. "గాలి మొదలైనప్పుడు ముందుగా వచ్చింది..." అన్నది అమ్మ. ఆ తరవాత గరగరమని చప్పుడు. మూడు నిమిషాల తరవాత మళ్లీ ఆవిడ గొంతు: "...వీళ్లందరూ తెల్లవారేదాకా ఈ గదిలోనే." ఆ మూడు నిమిషాలలోనూ ఇరవై మూడు పేర్లున్నాయి. ఎన్నిసార్లు ప్రయత్నించినా అవి రాలేదు.

ఇట్లాంటి ప్రయత్నాలలో ఒక గొప్ప కథ ఉన్నది. 2003 ఫిబ్రవరి 1వ తేదీన కొలంబియా అంతరిక్ష నౌక భూమికి తిరిగి వస్తూ ఆకాశంలోనే విచ్ఛిన్నమైంది. మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. ఆ నౌకలో జినాన్ అనే వాయువు మీద ఒక ప్రయోగం జరిగింది. దాని ఫలితాలు కొన్ని ముందే రేడియో ద్వారా భూమికి చేరాయి. మిగిలినవి ఒక హార్డ్ డిస్కులో ఉన్నాయి. కొన్ని నెలల తరవాత అమెరికాలో ఎండిన చెరువు మడుగులో ఆ డిస్కు దొరికింది. పై డబ్బా కాలి కమిలిపోయి ఉన్నది. లోపలికి మన్ను చొరబడ్డది. అయినా బిళ్ళలు చాలావరకు నిలిచాయి. నిపుణులు వాటిని శుభ్రంచేసి, కొత్త డబ్బాలో అమర్చి, దాదాపు 99 శాతం చదవగలిగారు. 2008లో ఆ ప్రయోగఫలితాలు అచ్చయినాయి. ఆకాశంనుంచి పడినది దొరికింది. మా బల్ల మీదినుంచి పడినదానిలో మూడు నిమిషాలు దొరకలేదు. దెబ్బ ఎంత పెద్దదన్నది ఒక్కటే కాదు, ఎక్కడ తగిలిందన్నది కూడా ముఖ్యమే. అదృష్టం మీద ఆధారపడకూడదని చెప్పడానికే ఇదంతా.

మరి దేని మీద ఆధారపడాలి? నకళ్ల మీద. ఇది కంప్యూటర్లతో పుట్టిన తెలివి కాదు. తాటాకు గ్రంథాలు పురుగు పట్టి, విరిగిపోతాయి. అందుచేత మన పెద్దలు పాత ప్రతి పాడయ్యేలోపల కొత్త ఆకుల మీద తిరిగి రాయించేవారు. తాళ్లపాక అన్నమాచార్యుల పాటలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో దాచారు. శతాబ్దాల తరవాత 1922లో ఆ రేకులు వెలుగులోకి వచ్చాయి. ఆయన 32,000 పాటలు రచించాడని ప్రతీతి; మనకు దొరికినవి సుమారు 14,000. ఆ దొరికినవన్నా రాగిరేకుల పుణ్యమే.

సి. పి. బ్రౌన్ పేరు విన్నారు గదా! 1798లో పుట్టిన ఈ ఇంగ్లీషు దొర కడపలో తన బంగళాలో పండితులను, వ్రాయసగాళ్లను పెట్టుకుని, తెలుగు గ్రంథాల ప్రతులు ఊరూరా వెతికి తెప్పించాడు. ఒకే గ్రంథానికి ఎన్నో ప్రతులు సంపాదించి, పక్కపక్కన పెట్టి పోల్పించాడు. ఎందుకంటే, ఒక ప్రతిలో పురుగు తిన్న చోటు మరో ప్రతిలో బాగుంటుంది. రెండు ప్రతులు ఒకే చోట పాడవడం అరుదు.

నకళ్లు దాచడానికి సులువైన లెక్క ఒకటి ఉన్నది: మూడు, రెండు, ఒకటి. ముఖ్యమైనది ఏదైనా మూడుచోట్ల ఉండాలి. ఆ మూడూ ఒకే రకం వస్తువులో కాక, రెండు రకాలలో ఉండాలి. అందులో ఒకటి ఊరికి దూరంగా ఉండాలి. ఈ చివరిమాట కోనసీమవాళ్లకు ఒకరు చెప్పక్కరలేదు. గోదావరి పోటెత్తితే ముక్తేశ్వరం రేవులో పంటు ఆగిపోతుంది. ఇల్లు మునిగితే, ల్యాప్‌టాప్, దాని పక్కనే బీరువాలో పెట్టిన నకలు, రెండూ ఒకేసారి మునుగుతాయి. అందుకే ఇప్పుడు మా ఇంట్లో ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి విడిగా కొన్న డిస్కులో ఉన్నాయి. మూడోది గోదావరికి అవతల రాజమహేంద్రవరంలో మా అక్క ఇంట్లో ఉన్నది. ఇంటర్నెట్ ద్వారా దూరాన దాచుకునే ఏర్పాటు కూడా పనికివస్తుంది. కాని ఒక్క జాగ్రత్త. ఇక్కడ చెరిపితే అక్కడ కూడా చెరిగిపోయే ఏర్పాటయితే అది నకలు కాదు, అద్దంలో బొమ్మ. మీరు పక్కకు తప్పుకుంటే అదీ మాయమవుతుంది.

మరో మూడు ముక్కలు గుర్తుపెట్టుకోండి. పొరపాటున ఏదైనా చెరిపేస్తే, ఆ డిస్కులో కొత్తది ఏమీ రాయకండి. పాత రకం డిస్కులో చెరపడమంటే పుస్తకంలో విషయసూచిక చింపినట్టే; పుటలు మాత్రం వాటి మీద కొత్తది రాసేదాకా ఉంటాయి. ఈనాటి కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి తిరిగే బిళ్ళలు లేవు, ఎస్.ఎస్.డి. అనే చిప్పుల డిస్కు ఉంటుంది. అది కిందపడినా త్వరగా పాడవదు. కాని చెరిపినదాన్ని అదే తీరిక చూసుకుని నిజంగా తుడిచేస్తుంది. పోయేముందు టక్కుమని హెచ్చరించదు కూడా. ఇక మూడోది: నకలు తీశాక దాన్ని తెరిచి చూడండి. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్టే. మేము నెలనెలా సంకటహర చవితినాడు ఈ పని చేస్తాం. ఆ తిథి మా ఊళ్లో ఎవరూ మరిచిపోరు; అందుచేత నకలూ మరుపుకు రాదు. ఆ పని మా అమ్మాయిదే.

అమ్మ చెప్పిన ఇరవై మూడు పేర్ల సంగతి ఏమయిందని అడుగుతారు. బ్రౌను దొర పద్ధతే నాకు దారి చూపింది. ఆ రాత్రి మా ఇంట్లో ఉన్నవాళ్లలో కొందరు ఇంకా ఉన్నారు. నేనూ, మా అమ్మాయీ ఒక నోటుపుస్తకం పట్టుకుని గడపగడపకూ వెళ్లాం. ఒకావిడ ఆరు పేర్లు చెప్పింది. ఒకాయన తొమ్మిది చెప్పాడు. అందులో నాలుగు ఆవిడ చెప్పినవే. అప్పుడు చంకలో బిడ్డగా ఉన్నతను ఇప్పుడు కొబ్బరి దింపుకు పోతున్నాడు; వాళ్లమ్మ చెప్పగా విన్న రెండు పేర్లు అతను చెప్పాడు. అన్నీ పక్కపక్కన పెట్టి పోల్చాం. పంతొమ్మిది పేర్లు నిలిచాయి. ఒక పేరు దగ్గర ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు, రెండూ రాసిపెట్టాం. మిగిలినవాళ్ల పేర్లు దొరకలేదు. వాళ్లకు కేటాయించిన గీతలు పుస్తకంలో ఖాళీగానే ఉన్నాయి. ఇక దొరుకుతాయో లేదో.

ఆ అబ్బాయి బాగుచేసిన డబ్బు తీసుకుంటూ, "అందరూ పోయాకే వస్తారండి," అన్నాడు. పిల్లలూ, మీరు పోకముందే ఆ పని చెయ్యండి. మీ ఇంట్లో ఫోనులోనో, కంప్యూటరులోనో ఒక్కచోటే ఉన్నది ఏదో ఈ రాత్రికి వెతకండి. అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని దానికి మరో నకలు తీయండి. తీసి, తెరిచి చూడండి. ఆ తరవాత మీ మామ్మ దగ్గరకు పోయి, ఆవిడకు ఒక్కతెకే తెలిసిన సంగతి ఏదైనా అడగండి. అది కూడా ఇప్పటికి ఒక్కచోటే ఉన్నది గదూ?